అక్క లేకుండా నేపాల్ పోను

నేపాల్ పోయి వచ్చినప్పటి నుంచి కలిసినోళ్లంతా కొండల గురించే అడుగుతున్నారు. మంచు చూసినావా, చలికి ఎట్ల తట్టుకున్నావు అని. నేను గడివేముల గురించి, అహోబిలం గురించి, ఆళ్లగడ్డలో రాళ్లు చెక్కే వీధి గురించి మొదలుపెడతాను. "అవి మాకు తెలియని ఊర్లా?" అంటారు. ఊర్లు తెలుసు. నేను పోయిన ఇండ్లు తెలియవు. ఆ ఇండ్లకు పోకుంటే మాకు నేపాల్ కూడా లేదు. అందుకని ముందు అవే రాస్తున్నాను.

నంద్యాల

నా పేరు శంషాద్. నంద్యాలలో వినపడని పిల్లల బడిలో పన్నెండేండ్లుగా టీచరును. బోర్డు మీద బధిరుల పాఠశాల అని ఉంటుంది. ఆటోవాళ్లకు మాత్రం మూగోళ్ల బడి అంటేనే తెలుస్తుంది. మా అక్క గౌసియా నాకంటే ఆరేండ్లు పెద్దది. పుట్టినప్పటి నుంచి వినపడదు. జాకెట్లు కుడుతుంది. ఆమె కుడితే చంకలో పట్టేయదని మూడు వీధుల ఆడవాళ్లు ఆమె దగ్గరికే వస్తారు. చేతులతో మాట్లాడుతుంది. కోపమొస్తే ఇంకా వేగంగా మాట్లాడుతుంది.

ఢిల్లీలో ఒక సంస్థ ఉంది. నేపాల్ కొండల్లో వినపడని పిల్లల కోసం నడిచే చిన్న బడికి రెండు నెలలు వాలంటీర్లను పంపుతుంది. సగం సేవ, సగం పరిశోధన. ఆ కొండల్లో బడి మొహం చూడని పిల్లలు, ఎవరూ నేర్పకుండానే, ఇంట్లోవాళ్లతో మాట్లాడటానికి సొంతంగా సైగలు పుట్టించుకుంటారు. ఆ సైగలను రాసుకుని, వాటితోనే చదువు మొదలుపెట్టాలి. ఎట్ల రాసుకోవాలో అలవాటు కావాలంటే, ముందు మీ చుట్టుపక్కల ఊర్లలో అట్లాంటి పిల్లలను కలిసి, ఒక నోటుబుక్కు నింపి చూపించమన్నారు.

నేనూ అక్కా ఇద్దరమూ దరఖాస్తు పెట్టినాం. మే నెల మొదట్లో ఆ సంస్థ సారు ఫోన్ చేసినాడు. హిందీలో, చానా మర్యాదగా చెప్పినాడు.

"మీరు ఎంపికైనారు మేడమ్. మీ సోదరిని తీసుకోలేం. మేము సాయం చేసేవాళ్లను పంపుతాం గానీ, సాయం కావలసినవాళ్లను పంపం కదా."

"మళ్లా మాట్లాడతాను సార్" అని పెట్టేసినాను. అక్క మిషను ఆపి ఏమన్నారని అడిగింది. ఇంకా చూస్తున్నారంట అని చెప్పినాను. ఆ సాయంత్రమే ఆమె బజారుకు పోయి స్వెట్టరు కొనుక్కొచ్చింది. నంద్యాల ఎండల్లో స్వెట్టరు అడిగిన మనిషిని చూసి నవ్వు ఆపుకోలేక అమ్మేవాడు నూటయాభైకే ఇచ్చేసినాడంట.

ఎదురింటి రమాదేవికి ఈ ప్రయాణమే నచ్చలేదు. "నేపాల్ గూడా ఫారినేనా మే? పాస్‌పోర్టన్నా అడగరంట గదా!" అనింది మొదట. తర్వాత అసలు మాట బయటపెట్టింది. "మనూర్లో పిల్లోళ్లు ల్యారా? నేపాల్ పిల్లోళ్లే కావల్సొచ్చినారా?"

"పన్నెండేండ్లుగా మనూరి పిల్లోళ్లకే చెప్తాండా. ఒగ దినమన్నా వచ్చి చూసినావా నువ్వు?" అన్నాను. ఆమె పైట సర్దుకుని లోపలికి పోయింది. నేను పొద్దున బస్సుకు టిఫిను కట్టుకున్నాను.

గడివేముల

మల్లేశ్వరికి తొమ్మిదేండ్లు. తల్లీతండ్రీ కూలికి పోతే అవ్వ ఓబులమ్మ దగ్గర ఉంటుంది. మేము పోయేసరికి ఓబులమ్మ రొట్టెలు తడుతోంది. "ఎండన పడి వచ్చినారు, ముందు తినండి" అని చెరి రెండు జొన్నరొట్టెలు, వంకాయ కూర, వేరుశనగ బుడ్డలు వేసి నూరిన ఊరుబిండి పెట్టింది. నంద్యాలలో మేము రొట్టెలు కొనుక్కుని తినడం మరిగినాం. ఒక్కోటి పదిహేను రూపాయలు. మాట వరసకు ఆ సంగతి చెబితే ఓబులమ్మ, "రొట్టె గూడా కొంటారా!" అని మమ్మల్ని జాలిగా చూసింది.

తిన్నాక నేను కాగితాలు తీసినాను. బొమ్మల కార్డులు తీసినాను. ఆవు, చెట్టు, వాన, ఇల్లు. మల్లేశ్వరి బియ్యం మూటల వెనక దాక్కుంది. ఎంత పిలిచినా రాలేదు. అరగంట గడిచింది. నోటుబుక్కులో తేదీ తప్ప ఏమీ లేదు.

అక్క నా వైపు చూడనైనా చూడలేదు. నేల మీద కూచుని, దండెం మీదున్న ఆ పిల్ల చినిగిన గౌను తీసుకుని, తన సంచిలోంచి సూదీ దారం తీసి కుట్టడం మొదలుపెట్టింది. కొంచెం సేపటికి మూటల వెనక నుంచి ఒక కన్ను కనిపించింది. తర్వాత ఒక కాలు. గౌను సగం అయ్యేసరికి పిల్ల అక్క మోకాలి పక్కన ఉంది. అక్క చినుగు చూపించి, ఎవరు అన్నట్టు చెయ్యి తిప్పింది. మల్లేశ్వరి రెండు వేళ్లు తలకు కొమ్ముల్లాగా పెట్టి, పెద్ద కడుపు చూపించి, ముందుకు దూకింది. వాకిట్లో కట్టేసిన బర్రె పొడిచి చించిందంట! ఇద్దరూ పడీ పడీ నవ్వినారు.

మధ్యాహ్నానికి ఇరవైమూడు సైగలు రాసినాను. నాయనకు మీసం. అమ్మకు కొడవలి. వానకు చూరు కింద పెట్టిన గిన్నె. ఓబులమ్మ గుమ్మం దగ్గరే కూలబడింది.

"ఈ పిల్ల ఇంత మాట్లాడ్తాదని నాకే తెలీదు తల్లీ. అన్నానికి, నీళ్లకు తప్ప నేనేమీ అడగల్యా ఎప్పుడూ."

అక్క బడి సంగతి అడిగింది. పలక, గంట, వరసగా కూచోవడం చేసి చూపించింది. మల్లేశ్వరి వెంటనే తన చెవి పట్టుకుని మెలేసుకుంది.

"ఒగ దినం తోలితి," అనింది ఓబులమ్మ. "పిలిస్తే పలకల్యేదని చెవి మెలేసినారంట. మల్లా పోల్యా. ఆ పిల్లకు బడంటే అదే."

అక్క మొహం నల్లబడింది. చిన్నప్పుడు ఆమెను కూడా ఒక బడిలో వేసినారు. సైగలు చేస్తే మాటలు రావని, రోజంతా చేతులు కట్టుకుని కూచోబెట్టేవాళ్లు. పదహారేండ్లు వచ్చాక గాని ఆమెకు ఒక పూర్తి భాష దొరకలేదు. అక్క నోటుబుక్కు లాక్కుని, మొదటి పేజీ తిప్పి, ఇక్కడ రాయి అని వేలు పెట్టింది. బడి అంటే చెవి మెలేయడం. రాసినాను.

బయల్దేరేటప్పుడు నంద్యాల బడిలో చేర్చమని ఓబులమ్మను అడిగినాం. "ఆడపిల్లను అంత దూరం యాడ తోల్తాం?" అనింది. అక్క తన గుండె మీద కొట్టుకుని, నేను ఉంటా ఆడ అని చూపించింది. దానికి నా తర్జుమా అవసరం పడలేదు.

అహోబిలం

రెండో రోజు ఒక శిల్పిని కలవడానికి ఆళ్లగడ్డలో దిగాలి. మేమెక్కిన బస్సు అహోబిలం పోయేది. స్వామి దర్శనానికి పోయే జనంతో కిక్కిరిసి ఉంది. ఆళ్లగడ్డ రాగానే నేను తోసుకుంటూ దిగినాను. అక్క కిటికీ పక్క సీట్లో, సంచి కాళ్ల కింద పెట్టుకుని ఉంది. ఆమె లేచేలోపల ఎక్కేవాళ్లు ఎక్కేసినారు, బస్సు కదిలింది. నేను అరుస్తూ వెనక పరిగెత్తినాను. కండక్టరుకు వినపడలేదు. అక్కకు ఎట్లాగూ వినపడదు. ఆమె ఫోను ఛార్జింగు పెడతానని నేను తీసుకున్నాను. అది నా చేతిలోనే ఉంది.

షేర్ ఆటో నిండేదాకా ఆగే ఓపిక లేక, మా మనిషి బస్సులో ఉండిపోయిందని చెప్పి, ఒక్కదాన్నే అన్ని సీట్లకూ ఇస్తానని ఎక్కినాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను. డ్రైవరన్న అద్దంలో చూసి, "చిన్నపిల్లనా, అక్కా?" అని అడిగినాడు.

"నలభైనాలుగేండ్లు."

"ఇంగేమి! ఆమెకు అడ్రసు తెలుసు గదా?"

తెలుసు. ఆధార్ కార్డూ దుడ్లూ కూడా ఆమె దగ్గరే ఉన్నాయి. నా దగ్గరే సరిగ్గా లేవు. అయినా ఏడుపు ఆగలేదు.

దిగువ అహోబిలంలో బస్సు ఆగే చోటికి దగ్గర్లోనే ఒక అరుగు. దాని మీద మా అక్క, నల్ల బురఖాలో, ఆకులో పులిహోర పెట్టుకుని తింటోంది. పక్కన ఒక ఆరేండ్ల పాప ఆమె వేళ్లు పట్టుకుని ఆడుతోంది. ఆ ఇల్లు గుడిలో కైంకర్యం చేసే కుటుంబానిది. ఇంటి పెద్దావిడ వేదవల్లమ్మ నన్ను చూసి లేచింది.

"ఈమె చెల్లెలివా నువ్వు? రామ్మా, కూర్చో. మీ అక్క మా ఇంట్లో ఏం చేసిందో తెలుసా?"

భయపడి అక్క వైపు చూసినాను. ఆమె తాపీగా పులిహోరలో మిరపకాయ తీసి పక్కన పెట్టింది.

పాప పేరు ఆండాళు. వేదవల్లమ్మ మనవరాలు. వినపడదు. ఆ పాప రోజూ అరచెయ్యి చెంపకు ఆనించుకుని ఏడుస్తుందంట. పన్నునొప్పి అనుకుని మూడు నెలలుగా లవంగ నూనె పెడుతున్నారు. డాక్టరుకు చూపిస్తే పండ్లు బాగానే ఉన్నాయన్నాడంట.

అక్క బస్సు దిగేసరికి ఆ పాప ఎదురొచ్చింది. దిగే ప్రతి మగమనిషి మొహమూ చూస్తూ, చెంప మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. బస్సు ఖాళీ అయినాక చెయ్యి దించి, ఏడుపు మొదలుపెట్టింది. అక్క అదంతా చూసింది. పాప చెయ్యి పట్టుకుని ఆ పిల్ల వెంట ఇంటికి వచ్చి, గోడ మీదున్న ఫోటోల్లో ఒక్కొక్కరినీ చూపిస్తూ, చెంప మీద చెయ్యి పెట్టి, ఇతనా అని అడిగింది. మూడో ఫోటో దగ్గర పాప ఎగిరి గంతేసింది.

"వాళ్ల నాన్న," అనింది వేదవల్లమ్మ. "తిరుపతిలో ఉద్యోగం. మూడు నెలలైంది వచ్చి. ఇందాకే ఫోన్ చేసి అడిగితే, వెళ్లేటప్పుడు దాని చెంపకు చెంప ఆనిస్తాను అన్నాడు. నాన్న కావాలని పిల్ల అడుగుతుంటే నూనె పూస్తున్నామమ్మా మేము."

నాకు కూడా ఆకు వేసినారు. దద్దోజనం వడ్డించినారు. దారంతా ఎవరి కోసం ఏడ్చినాను నేను? ఢిల్లీ సారు అన్న మాట మీద ఇన్ని రోజులుగా మండిపోతున్నాను. బస్సు రెండు స్టేజీలు ముందుకు పోయేసరికి నేను కూడా అదే మాట నమ్మినాను.

తిరుగు బస్సులో అక్కకు అంతా చెప్పేసినాను. ఢిల్లీ ఫోను సంగతి, సారు మాట, నేను దాచింది.

తెలుసు అనింది. "నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు చేతులు చిన్నగా కదుపుతావు. మొదటి రోజే తెలుసు."

మరి స్వెట్టరు ఎందుకు కొన్నావని అడిగినాను.

"పోతాను కాబట్టి."

అట్ల చెప్పి మొహం కిటికీ వైపు తిప్పుకుంది. మాటల మనుషులు కోపమొస్తే గట్టిగా అరుస్తారు, మనం తిరిగి అరవొచ్చు. మా అక్క చూపు తిప్పుకుంటే ఇంక ఏమీ చెయ్యలేం. ఆళ్లగడ్డ వచ్చేదాకా నా చేతులు ఒళ్లోనే పెట్టుకుని కూచున్నాను. ఈసారి ఆమె దిగినాకే నేను దిగినాను.

ఆళ్లగడ్డ

రాత్రి మా ఖాలా ఇంట్లో, అంటే అమ్మ చెల్లెలి ఇంట్లో, పడుకున్నాం. పొద్దున్నే ముప్పై రూపాయలకు ప్లేటు ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిని, శిల్పుల వీధికి పోయినాం. ఉలి దెబ్బలకు ఆ వీధిలో నా చెవులు గింగురుమన్నాయి. అక్క హాయిగా నడుస్తూ, సగం చెక్కిన దేవుళ్లను తడుముతూ వచ్చింది.

నాగలింగాచారికి అరవై దాటినాయి. పుట్టు చెవుడు. పిల్లల సైగలు మాత్రమే రాస్తే చాలదు, బడి లేకుండా పెద్దయినవాళ్ల సైగలు ఎట్లుంటాయో కూడా చూడాలని అక్క పట్టుబట్టి ఈయన పేరు వెతికి పెట్టింది. ఆయన భార్య సుబ్బమ్మ మాకు మజ్జిగ ఇచ్చి, ఆయన సైగలకు అర్థం చెప్పడానికి కూచుంది. నలభై ఏండ్ల కాపురంలో ఇద్దరి మధ్యా ఒక సొంత భాష తయారైంది.

ఆయన తన కథ చెప్పినాడు. చిన్నప్పుడు గురువు దగ్గర పదేండ్లు రాయి నున్నగా రుద్దే పనే ఇచ్చినారంట. వినపడనోనికి కన్ను తెరిచే పని ఎట్ల చెప్తామని. విగ్రహానికి కన్ను తీర్చడం ఆఖరి పని. ఒక్క దెబ్బ తప్పితే నెలల కష్టం పోతుంది. ఒకరోజు గురువు అన్నానికి పోయినప్పుడు ఈయన ఉలి తీసుకుని అమ్మవారి రెండు కండ్లూ తీర్చేసినాడు.

"గురువు వచ్చి చూసినాడంట," అని సుబ్బమ్మ చెప్పింది. "ఈయన్ను బెత్తంతో కొట్టినాడంట. కొట్టి, ఆ విగ్రహం దిక్కు చూసి, మల్లా కొట్టల్యా. అది అట్లే గుడికి పోయె. అప్పట్నుంచీ ఆ కొట్టంలో కండ్లన్నీ ఈయనవే."

నాగలింగాచారి నోటుబుక్కు తిరగేసి నేను గీసిన బొమ్మలు చూసినాడు. మొహం చిట్లించినాడు. నా చేతిలోంచి పెన్సిలు తీసుకుని, గడివేముల పిల్ల కొమ్ముల సైగ అక్కతో మళ్లా చేయించుకుని, పక్కన చెయ్యి గీసినాడు. ఎముకలూ కణుపులూ అన్నీ ఉన్న చెయ్యి. మధ్యాహ్నం దాకా ఆయన గీస్తూనే ఉన్నాడు.

అప్పుడే ఢిల్లీ సారు వీడియో కాల్ చేసినాడు. నేను లేచి బయటికి పోబోయినాను. అక్క నా కొంగు పట్టుకుంది. కూచున్నాను. ఫోను మజ్జిగ చెంబుకు ఆనించి నిలబెట్టినాను.

నోటుబుక్కు చూపిస్తే సారు చానా మెచ్చుకున్నాడు. "అద్భుతం మేడమ్. మీ టికెట్టు బుక్ చేస్తాం."

"ఇది నేను చేసిన పని కాదు సార్. మా అక్క చేసింది. నాకు మొదటి ఇంట్లో ఒక్క సైగ కూడా రాలేదు."

"ఆమెను మెచ్చుకుంటున్నాం. కానీ అక్కడ ఆమె భద్రత ఎవరిది? ముందే చెప్పాను కదా, మేము సాయం చేసేవాళ్లను..."

ఈసారి ఆ మాటను పొల్లు పోకుండా అక్కకు చేతులతో చెప్పినాను. పెద్దగా చెప్పినాను. సుబ్బమ్మ తన మొగుడికి చెప్పింది. ఆయన పెన్సిలు కింద పెట్టినాడు.

అక్క కెమెరా ముందుకు జరిగి అడిగింది, నేను గొంతు ఇచ్చినాను. "మీ సంస్థలో వినపడనివాళ్లు ఎంతమంది పనిచేస్తారు?"

సారు తడబడినాడు. ప్రస్తుతానికి లేరు, అది వేరే విషయం, నియమాలు ఉన్నాయి అన్నాడు.

"మరి ఆ పిల్లలు పెద్దయితే ఏమి కావాలని మీరు చదువు చెప్పిస్తున్నారు?"

సారు మళ్లా నియమాల మాటే ఎత్తినాడు. నేను ఇంక అక్క కోసం ఆగలేదు. "సార్, నా సీటు ఎవరికన్నా ఇచ్చుకోండి. మా అక్క లేకుండా నేను పోను" అన్నాను. ఆ మాట గొంతులోంచి వచ్చినాక భయమేసింది. రెండేండ్లుగా కలగన్న ప్రయాణం. అక్క వేలు చాపి కాల్ కట్ చేసింది.

నాగలింగాచారి మళ్లా పెన్సిలు తీసుకున్నాడు. ఇంకా పదిహేడు సైగలు మిగిలి ఉన్నాయి.

మళ్లీ నంద్యాల

వారం తిరక్కుండానే సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. నా పేరు తీసేసినారు. రమాదేవి పలకరింపుకు వచ్చి, బనగానపల్లె మామిడిపండ్లు నాలుగు తెచ్చింది. "పోనీలే మే. యాడో దూరాభారం" అనింది. పండ్లు తియ్యగా ఉన్నాయి గానీ మాట చేదుగా ఉండింది.

అక్క ఏడవలేదు. సంస్థ పంపిన పాత కాగితాల్లో నేపాల్ బడి హెడ్‌మిస్ట్రెస్ నంబరు వెతికింది. సైగల పక్కన నేను హిందీలో అర్థాలు రాసిన ఆ నోటుబుక్కు ప్రతి పేజీనీ ఫోటో తీసి ఆ నంబరుకు పంపింది. సంస్థను అడగలేదు, నన్నూ అడగలేదు. మూడో రోజు ఒక వీడియో వచ్చింది. తెల్ల జుట్టు మనిషి ఒకావిడ గడప మీద కూచుని చేతులతో మాట్లాడుతోంది. ఆమెకూ వినపడదు. వాళ్ల సైగల భాష వేరు. అక్కకు సగమే అర్థమైంది. పదిసార్లు చూసి మిగతా సగం పట్టుకుంది.

"బడి అంటే చెవి మెలేయడం అని రాసిన మనిషి మాకు కావాలి. వానలు తగ్గినాక రమ్మనండి. వినపడే చెల్లెలు కూడా రావచ్చు. వంటగదిలో పని ఉంది."

జూన్‌లో బడి తెరిచిన రోజు ఓబులమ్మ మల్లేశ్వరిని తీసుకుని నంద్యాల వచ్చింది. పిల్ల గేటు దగ్గర చెవులు రెండూ మూసుకుని నిలబడింది. అక్క మిషను వదిలి వచ్చి, ఆ పిల్లతో వారం రోజులు క్లాసులో కూచుంది. ఎనిమిదో రోజు పిల్ల చెవుల మీంచి చేతులు తీసింది.

నేపాల్

గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు, సరిహద్దు నడిచి దాటినాం. ఓటరు కార్డు చూపిస్తే చాలు. కొండల్లో చలి మేము అనుకున్నదానికంటే ఎక్కువ. తిండి మాత్రం ఇబ్బంది పెట్టలేదు. రెండు పూటలా అన్నం, పప్పు, ఆకుకూర. కారమే లేదు. మనింట్లో జ్వరమొచ్చినోళ్లకు పెట్టే తిండిలాగా ఉంటుంది. నేను మొదటి వారమంతా ఉర్లగడ్డలు పొట్టు తీసినాను. నిజంగానే వంటగదిలో పని ఉంది.

పదిహేడు మంది పిల్లలు. అందరికీ ఇంటి నుంచి తెచ్చుకున్న సొంత సైగలు. అక్క పగలంతా వాళ్లతో నేల మీద కూచునేది. సాయంత్రం నేను రాసుకునేదాన్ని. చేతులు ఇప్పుడు కొంచెం బాగా గీస్తున్నాను.

ఐదో వారంలో కాఠ్మాండూ నుంచి బడికి సాయం చేసే పెద్దమనుషులు నలుగురు జీపులో వచ్చినారు. మంచి కోట్లు వేసుకున్నారు. వాకిట్లో బట్టలు ఆరేస్తున్న నా దగ్గరికి వచ్చి హిందీలో అడిగినారు.

"ఇండియా నుంచి వచ్చిన వాలంటీరు మీరేనా? పిల్లల గురించి రెండు మాటలు చెప్తారా?"

"నేను కాదు. ఆమె," అని చూపించినాను.

అక్క అప్పుడు అరుగు మీద ఒక పిల్లతో ఉంది. ఆ పిల్ల వచ్చి మూడు రోజులే అయింది. చెయ్యి కదిలించడమే అప్పుడప్పుడే మొదలుపెట్టింది.

"ఆమెకు వినపడదు కదా?" అన్నాడు ఒకాయన.

"మీ మాట నేను చెప్తాను. ఆమె మాట మీకు చెప్తాను."

నలుగురూ అరుగు దాకా పోయినారు. ఒకాయన గొంతు సవరించుకున్నాడు. అక్క తల ఎత్తలేదు. ఎడం చెయ్యి ఒక్కటి పైకి లేపి, అరచెయ్యి వాళ్ల వైపు తిప్పి, ఆగండి అనింది. అది తర్జుమా చెయ్యాల్సిన పని లేదు. కొండ గాలి కోట్లను ఎగరగొడుతుంటే పెద్దమనుషులు నలుగురూ వాకిట్లో నిలబడినారు.

ఆ పిల్ల తొందరపడలేదు. అక్క కూడా తొందరపెట్టలేదు.